ఛార్జింగ్‌కి పెట్టమన్న వస్తువు

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు శివార్లలో ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్ళే రోడ్డు మీద నాకో కిళ్ళీ కొట్టు ఉంది. ఇరవై మూడేళ్ళుగా నడుపుతున్నాను. సిగరెట్లు, బీడీలు, సోడాలు, అరటిపళ్ళు, బిస్కెట్లు, పొద్దున పూట పేపర్లు. మీ పేపరు ఒకప్పుడు రోజుకు అరవై కాపీలు అమ్మేవాణ్ణి, ఇప్పుడు పద్దెనిమిది. అమ్మే ముందు ఒక కాపీ విప్పి చదువుకుని, మళ్ళీ మడత పోకుండా సర్ది అమ్మేయడం నాకు అలవాటు. ఇన్నేళ్ళూ చదవడమే గానీ రాసింది లేదు. ఇదే మొదటి ఉత్తరం. కాస్త పొడుగైతే కత్తిరించుకోండి.

పోయిన వారం జిల్లా పేజీలో కాలేజీల దగ్గర కిళ్ళీ కొట్ల మీద తనిఖీల వార్త వేశారు. ఫోటోలో ఒక అధికారి సిగరెట్ పెట్టె పైకెత్తి పట్టుకున్నాడు, పక్కన కొట్టువాడు తల దించుకుని నిలబడ్డాడు. ఆ తల నాది కాదు. నాదైనా ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు. విడి సిగరెట్లు, బోర్డు లేకపోవడం, జరిమానా, అన్నీ నిజమే. వార్తలో తప్పేం లేదు. నేను చెప్పదలచింది ఏమిటంటే, ఆ ఫోటో తీస్తున్నంత సేపట్లోనే ఏదో ఒక బైకు మీద ఒక ఈ-సిగరెట్ పార్సిల్ అదే కొట్టు ముందు నుంచి హాస్టల్ గేటుకు వెళ్ళి ఉంటుంది. దాని మీద హెచ్చరిక బొమ్మ ఉండదు. దాన్ని అమ్మినవాడికి కౌంటరు లేదు, తల దించుకుని నిలబడ్డానికి ఒక చోటంటూ లేదు.

పొగాకు మీద ఈ దేశంలో ఉన్న చట్టాలన్నీ నా కౌంటర్ మీదే కూర్చున్నాయి. గొప్పకు చెప్పడం లేదు, లెక్క చూడండి. 2003లో కోట్పా చట్టం వచ్చింది. 18 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదు. ఆ మాట 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల ఎత్తు బోర్డు మీద రాసి కనపడేలా పెట్టాలి. బడికీ కాలేజీకీ 100 గజాల లోపల అమ్మకూడదు. ఆ గజాలు గేటు నుంచి కాదు, ప్రహరీ గోడ నుంచి కొలవాలి. ఈ రూలు నాకు ఎలా తెలుసంటే, ఏడేళ్ళ కిందట కాలేజీ వాళ్ళు కొత్త బ్లాకు కట్టి ప్రహరీ ఇటు జరిపారు. ఒక్క రాత్రిలో నా కొట్టు గీత లోపలికి వచ్చేసింది. నేను కదల్లేదు, కాలేజీయే నా మీదికి వచ్చింది. అయినా కొట్టు పీక్కుని ఇవతలికి జరిగింది మాత్రం నేనే. 2008 అక్టోబర్ 2 నుంచి పబ్లిక్ స్థలాల్లో కాలిస్తే 200 రూపాయల వరకు జరిమానా అన్నారు. 2016 ఏప్రిల్ నుంచి పెట్టె మీద 85 శాతం జాగాలో హెచ్చరిక బొమ్మ వేయాలన్నారు.

ఆ బొమ్మలు పనిచేయవని కొందరు పెద్దలు రాస్తుంటారు. కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే అలా అనరు. పెట్టె కొనేవాళ్ళలో 'ఆ గొంతు బొమ్మది వద్దు, వేరేది ఇవ్వు' అని మార్చి అడిగినవాళ్ళు నాకు బోలెడు మంది. వాళ్ళు మానలేదు, నిజమే. కానీ చెయ్యి ఒక్క క్షణం వెనక్కి పోయింది కదా. ఒక ఆటో డ్రైవరైతే కొన్న పెట్టెలోంచి సిగరెట్లు తీసి పాత అగరుబత్తీల డబ్బాలో పోసుకుని, ఖాళీ పెట్టె నాకే ఇచ్చి వెళ్ళేవాడు. ఇంట్లో కూతురు చూసి ఏడుస్తోందట.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నా అమ్మకాల్లో పావు వంతు కూడా పెట్టెలు ఉండవు. అంతా విడి. విడిగా కొన్నవాడికి గొంతు బొమ్మ కనపడదు, పెట్టె మీద అచ్చేసిన ఫోన్ నంబరూ కనపడదు. మహారాష్ట్రలో 2020లో విడి సిగరెట్ల అమ్మకం ఆపేశారు. ఇక్కడా ఆపితే నా ఆదాయం సగం పోతుంది. అందుకే ఆపమని నా నోటితో నేను అడగలేకపోతున్నాను. ఈ పిరికితనం సంగతి మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం.

కొట్లో ఒక పక్కన చెక్క మీద నాలుగు ప్లగ్గుల బోర్డు పెట్టాను. హాస్టల్ పిల్లలు ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుంటారు. డబ్బులు తీసుకోను. ఛార్జింగ్ ఎక్కేలోపు ఒక టీయో ఒక సోడాయో తాగుతారు, అదే నాకు గిట్టుబాటు. గత ఏడాది దసరా సెలవులు అయ్యాక, సెకండియర్ కుర్రాడు ఒకడు వచ్చాడు. పేరు చెప్పను. మంచి పిల్లాడు, పోయినేడు నాకు ఫోన్ పే స్పీకరు పాడైతే వాడే బాగు చేసి పెట్టాడు. 'బాబాయ్, ఇది కాస్త ఛార్జింగ్ పెట్టవా, హాస్టల్లో కరెంటు లేదు' అన్నాడు.

చేతిలో పెట్టింది ఫోన్ కాదు. అరచేతిలో ఇమిడిపోయింది. వాడి వాడి అరిగిన సబ్బు ముక్కలా నున్నగా ఉంది. ఒక చివర నీలం, ఇంకో చివరకు వచ్చేసరికి గులాబీ రంగు. పైన పిల్లల ఈలకు ఉన్నట్టు చిన్న మూతి. కింద అందరి ఫోన్లకూ ఉండే టైప్-సి బొక్కే. వైరు గుచ్చగానే పక్కన ఒక చిన్న తెర వెలిగి అందులో 11 అని అంకె పడింది. నేను బ్లూటూత్ స్పీకర్ అనుకున్నాను. పాటలు ఎటు నుంచి వస్తాయిరా అని అడిగాను కూడా. వాడు నవ్వాడు.

అరగంట తర్వాత వచ్చి, వైరు పీకి, అటు తిరిగి ఒక్కసారి పీల్చాడు. నేను తలెత్తేలోపు పొగ లేదు. వాసన మాత్రం వచ్చింది, ఎవరో కొట్టు ముందు పుచ్చకాయ కోసినట్టు, ఆ వెనకాలే పిప్పర్‌మెంటు చల్లదనం. ఇరవై మూడేళ్ళుగా పొగలో బతుకుతున్న ముక్కు నాది. ఎవడు ఏ సిగరెట్ వెలిగించాడో కళ్ళు మూసుకుని చెబుతాను. ఆ ముక్కుకి అది దొరకలేదు.

అప్పుడు అడిగితే చెప్పాడు. వేప్ అట. అంటే ఈ-సిగరెట్, నికోటిన్ ద్రవాన్ని బ్యాటరీతో ఆవిరి చేసి పీల్చేది. ఇన్‌స్టాలో ఒక పేజీకి మెసేజ్ పెడితే ఇంకో యాప్‌లో గ్రూపులో చేరమంటారట. అక్కడ ఫోటోలు, రుచులు, ధరలు. మామిడి, పుచ్చకాయ, ద్రాక్ష, కోలా. ఇతని దానికి పద్దెనిమిది వందలు. డబ్బు ఫోన్‌లోనే. సరుకు బైకు మీద వస్తుంది, తెచ్చినవాడికి లోపల ఏముందో తెలియదు, పైన 'మొబైల్ సామాను' అని ఉంటుంది. వయసు ఎవరూ అడగలేదు. నేను కూడా అందరినీ అడగననుకోండి, కానీ మీసం రాని పిల్లాడు ముందుకొస్తే నా కళ్ళకు కనపడుతుంది. ఆ గ్రూపు నడిపేవాడికి వీళ్ళ మొహాలు కనపడవు.

మా అమ్మాయి బీఫార్మసీ చదివింది, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆదివారం ఫోన్లో దీని గురించి అడిగితే, దాని మీద ఏం రాసుందో ఫోటో పంపమంది. మర్నాడు కుర్రాడి దగ్గర తీసుకుని పంపాను. '5 శాతం' అని ఉంది నాన్నా, అంటే ఒక మిల్లీలీటరు ద్రవంలో 50 మిల్లీగ్రాముల నికోటిన్, అంది. ఒక సిగరెట్ మొత్తం కాలిస్తే ఒంట్లోకి చేరేది సుమారు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములట. సిగరెట్ అయితే అయిపోతుంది, వేళ్ళు చుర్రుమంటాయి, పారేస్తాం. దీనికి అంత తొందరగా అయిపోవడం అనేది లేదు. దుప్పటి కింద పీల్చొచ్చు, బాత్రూమ్‌లో పీల్చొచ్చు, క్లాసులో చొక్కా చేతిలోకి వదలొచ్చు. ఎన్ని దమ్ములు లాగాడో లాగినవాడికీ తెలియదు.

ఇంకో మాట చెప్పింది, అది నాకు బాగా తగిలింది. మామూలు నికోటిన్‌ని అంత గాఢంగా పీలిస్తే గొంతు మండిపోతుందట. అందుకని దానికి బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపి ఉప్పులా మారుస్తారట. నికోటిన్ సాల్ట్ అంటారు. అప్పుడు మంట ఉండదు, మెత్తగా దిగిపోతుంది. అమెరికాలో 2015లో వచ్చిన జూల్ అనే పెన్ డ్రైవ్ లాంటి వస్తువు ఈ పద్ధతితోనే పిల్లల్లోకి దూసుకుపోయిందట.

నాకు తగిలింది ఎందుకంటే, నా కొట్టు ముందు మొదటి దమ్ము లాగినవాళ్ళను నేను వందల మందిని చూశాను. గుంజకు వేలాడే కొబ్బరి తాడు నిప్పుతో వెలిగించుకుంటారు, లాగుతారు, వెంటనే దగ్గు. కళ్ళలో నీళ్ళు. పక్కనున్నవాడు నవ్వుతూ వీపు మీద చరుస్తాడు. కొందరు అక్కడే కింద పడేసి, చెప్పుతో నలిపి, మళ్ళీ అటు రాలేదు. వాళ్ళను ఆపింది నా బోర్డు కాదు, కోట్పా కాదు, ఆ దగ్గు. ఒళ్ళు తనంతట తాను 'వద్దురా' అని చెప్పే మాట అది. ఈ కొత్త వస్తువు తయారుచేసినవాళ్ళు మొట్టమొదట తీసేసింది ఆ మాటనే.

నిషేధం ఉంది కదా అంటారు. ఉంది. 2019 సెప్టెంబర్ 18న కేంద్ర మంత్రివర్గం నిర్ణయం, నిర్మలా సీతారామన్ గారు టీవీలో ఆ వస్తువుల్ని చేత్తో పట్టుకుని చూపించారు. ముందు ఆర్డినెన్స్, డిసెంబర్‌లో చట్టం. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన, అన్నీ నేరమే. నిల్వకు శిక్ష కాస్త తక్కువ, మిగతావాటికి మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారి మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నా 200 రూపాయల చలానాతో పోల్చుకుంటే భయంకరమైన చట్టం. కానీ పట్టుకోవాలంటే మనిషి కావాలి, చోటు కావాలి. 2023లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆన్‌లైన్లో వీటిని అమ్ముతున్న 15 వెబ్‌సైట్లకు ఆపేయమని నోటీసులు ఇచ్చింది. నిషేధం పెట్టిన నాలుగేళ్ళకు కూడా వెబ్‌సైట్లు పెట్టుకుని బాహాటంగా అమ్ముతున్నారన్న మాటేగా? ఇక గ్రూపుల సంగతి చెప్పేదేముంది.

నిషేధాలు కౌంటర్ కింద ఎలా బతుకుతాయో మా వ్యాపారం వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో గుట్కా నిషేధించారు. ఏమైంది? పాన్ మసాలా ఒక ప్యాకెట్, జర్దా ఒక ప్యాకెట్, రెండూ జంటగా రావడం మొదలైంది. కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. రేటు పెరిగింది, దాచుకునే చోటు మారింది. నేను మానేశాను, పుణ్యానికి కాదు, ఒకసారి స్టేషన్‌లో పొద్దుగూకే దాకా కూర్చోబెట్టారు, అందుకు.

నా ఖాతాదారుల్లో ఒక రిటైర్డ్ బ్యాంకు ఆయన ఉన్నారు. రోజుకు ఆరు కాలుస్తారు, మానాలని పాతికేళ్ళుగా అనుకుంటున్నారు. ఆయన వాదన వేరు. 'లండన్‌లో మా అల్లుడికి డాక్టర్లే వేప్ వాడమన్నారయ్యా, సిగరెట్ మానడానికి. ఇక్కడ సిగరెట్ అమ్ముకోవచ్చు గానీ దానికంటే తక్కువ చెడ్డది అమ్మకూడదా? నిషేధం పెట్టిన రోజు సిగరెట్ కంపెనీల షేర్లు పెరిగాయి, చూసుకో' అంటారు. షేర్లు పెరిగిన మాట నిజమే. ఒక పెద్ద సిగరెట్ కంపెనీలో ఎల్ఐసీకి వాటా ఉన్న మాటా నిజమే. బ్రిటన్‌లో పెద్ద వయసు పొగరాయుళ్ళను వేప్‌కి మార్చే పద్ధతి సర్కారుదే అన్నదీ నిజమే. అసలు దీన్ని 2003 ప్రాంతంలో తయారుచేసిన చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ తానే సిగరెట్ మానలేక అవస్థ పడ్డవాడు, తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. కాబట్టి బ్యాంకు ఆయన్ని నేను తీసిపారేయను. ఆయన వయసులో, ఆయన దగ్గుతో, ఆయనకు అది నిజంగా మేలే చేయొచ్చు.

కానీ బ్రిటన్‌లో ఆ వేప్ ఎలా అమ్ముతారో కూడా చూడాలి కదా. నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. 18 లోపు వాళ్ళకు అమ్మకూడదు. అంత కట్టుదిట్టంగా ఉన్న చోట కూడా బడిపిల్లలు ఎగబడ్డారు, చివరికి వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి పూర్తిగా ఆపేశారు. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి మందుల షాపులో తప్ప దొరకదు. అమెరికాలో 2019లో హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది వేప్ వాడేవాళ్ళు. 2024కి అది 7.8 శాతానికి దిగింది. అంటే గట్టిగా పట్టుకుంటే దిగుతుంది, అదొక ఊరట. మన దగ్గర ఎవరూ కొలవని, ఎవరూ పరీక్షించని 50 మిల్లీగ్రాముల సరుకు వస్తోంది. అసలు 50 ఉందో, 20 ఉందో, ఇంకేం కలిపారో తెలియదు. అమెరికాలోనే 2019లో దొంగ సరుకులో విటమిన్ ఇ అసిటేట్ అనే నూనె కలిపిన గంజాయి వేప్‌లు పీల్చి జనం ఆస్పత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా చేరారు, 68 మంది చనిపోయారు.

అయితే నిషేధం ఎత్తేసి నాలాంటి కొట్లలో పెట్టి, పన్ను వేసి, వయసు చూసి అమ్మమంటే సరిపోతుందా? బ్యాంకు ఆయనకు నేను చెప్పిన జవాబు ఇదే: అయ్యా, నా కౌంటర్ మీద పెడితే నేను అమ్మేస్తాను. నా సంగతి నాకు తెలుసు. ఇంటర్ పిల్లాడు 'మా నాన్నకి' అని సిగరెట్ అడిగితే వాడి నాన్నకు కాదని తెలిసి కూడా ఇచ్చిన రోజులున్నాయి. ఇరవై ఏళ్ళ బోర్డు నన్ను ఆపలేదు, రేపటి కొత్త బోర్డు ఆపుతుందా. అందుకని నిషేధం ఉండాల్సిందే అంటాను. ఉన్నదాన్ని నడపమంటాను.

ఇంకో విషయం. ఆ కుర్రాడు అంతకు ముందు సిగరెట్ ముట్టినవాడు కాదు. నేను రెండేళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడూ సోడా, వేరుశెనగ ఉండ, అంతే. సంక్రాంతి తర్వాత ఒకరోజు వచ్చి నిలబడ్డాడు. దాంట్లో ద్రవం అయిపోయింది, చేతిలో పద్దెనిమిది వందలు లేవు, మర్నాడు ల్యాబ్ పరీక్ష. టెన్షన్‌గా ఉంది బాబాయ్ అన్నాడు. వేళ్ళు ఊరికే చొక్కా గుండీ తిప్పుతున్నాయి. అటూ ఇటూ చూసి, 'ఒక సిగరెట్ ఇవ్వు' అన్నాడు. ఇచ్చాను. వెలిగించాడు, లాగాడు. దగ్గలేదు. మొదటి సిగరెట్‌కు దగ్గనివాణ్ణి నేను చూడటం అదే. ఒళ్ళు అప్పటికే ఒప్పేసుకుంది. సిగరెట్ మాన్పించడానికి పుట్టిందన్న వస్తువు నాకు కొత్త ఖాతాదారుణ్ణి తెచ్చిపెట్టింది. ఒక్కణ్ణి చూసి లోకమంతా ఇంతే అనను. కానీ నేను చూసింది చూశాను.

ఇక ఈ ఉత్తరం రాయడానికి కారణమైన సంగతి.

ఫిబ్రవరి చివర్లో ఆ కుర్రాడి నాన్న వచ్చాడు. కొండపి వైపు పొగాకు రైతు. ఫీజు కట్టడానికి వచ్చి, కొడుకు క్లాసులోంచి వచ్చేదాకా నా కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. ఆకు రెలిచే రోజులు, అంటే కోత రోజులు, ఆకు కాల్చే బ్యారన్ మీద మనుషుల్ని పెట్టి వచ్చానన్నాడు. వేళ్ళ సందుల్లో పొగాకు జిగురు నల్లగా పట్టి ఉంది, ఎంత కడిగినా పోదు. అది నాకు తెలుసు, మా అమ్మ చీరాలలో పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగ్‌కి వెళ్ళేది. సాయంత్రం ఆమె ఇంట్లోకి వస్తే ఆమె కన్నా ముందు పొగాకు ఘాటు వచ్చేది, మేం పిల్లలం తుమ్ముకునేవాళ్ళం. మంచుకు తడిసిన ఆకు కోస్తే కొత్తవాళ్ళకు తల తిరుగుతుంది, వాంతులవుతాయి. చర్మంలోంచే నికోటిన్ లోపలికి పోతుంది. ఆయనకు ఆ పేరు తెలియకపోవచ్చు గానీ ఆ విషం ఏం చేస్తుందో ఒంటికి తెలుసు. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆయనే అన్నాడు, 'మేం పండిస్తాం గానీ మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదండి. మావాడు వాసన కూడా పడడు' అని.

ఆ మాట అంటున్నప్పుడు ఆ వస్తువు ఆయన భుజానికి జానెడు దూరంలో నా ఛార్జింగ్ బోర్డుకు వేలాడుతోంది. తెర మీద 64. కుర్రాడు పొద్దున పెట్టి వెళ్ళాడు. ఆయన కాసేపటికి దాన్ని చూశాడు. రంగు బాగుందనుకున్నాడో ఏమో, వేలితో ముట్టుకుని, 'ఇదేం మిషనండీ?' అని అడిగాడు.

అప్పుడే కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. నా మొహంలోకి చూశాడు.

నేను 'పెన్ డ్రైవ్ అండి, చదువుకునే పిల్లలది' అన్నాను.

ఆయన సరేనని తలూపి, కొడుకు భుజం మీద చెయ్యి వేసి, సంచిలోంచి అరిసెల డబ్బా తీసి ఇచ్చాడు. నాకూ రెండు పెట్టాడు. సిగరెట్ పెట్టె అయి ఉంటే దాని మీది మాటలు చదవకపోయినా ఆ బొమ్మ చూసి ఆయనకు తెలిసేది, ఆయన నన్ను అడగక్కర్లేదు, నేను అబద్ధం చెప్పక్కర్లేదు. ఆ రెండు అరిసెలు నేను ఇంటికి తీసుకెళ్ళలేదు.

కాబట్టి మీరు చేయగలిగింది ఒకటి అడుగుతాను. వచ్చే మే 31న పొగాకు వ్యతిరేక దినం పేరుతో ఎలాగూ ఒక పేజీ వేస్తారు. ప్రతిసారీ విరిచేసిన సిగరెట్ బొమ్మ వేస్తారు. ఈసారి అది వద్దు. ఈ వస్తువుల ఫోటోలు నిజమైన సైజులో వేయండి. పెన్ను లాంటిది, పెన్ డ్రైవ్ లాంటిది, సబ్బు లాంటిది, హైలైటర్ లాంటిది. బ్రాండ్ పేర్లు తీసేసి వేయండి, ప్రచారం అయిపోకుండా. తండ్రులు, తల్లులు, హాస్టల్ వార్డెన్లు, ట్యూషన్ మాస్టార్లు, పార్సిల్ మోసే కుర్రాళ్ళు అది చూసి, ఓహో ఇదా అనుకోవాలి. నాలాంటి కొట్టువాడు కూడా. నేను నెలల తరబడి దానికి కరెంటు ఇచ్చాను, ఏమిటో తెలిసి కూడా.

అదే పేజీలో పెద్ద అక్షరాలతో 1800-11-2356 అని వేయండి. పొగాకు మానాలనుకునేవాళ్ళకు సర్కారు పెట్టిన ఉచిత ఫోన్ నంబరు. 2018 నుంచి ప్రతి సిగరెట్ పెట్టె మీదా ఉంది, నేను చెప్పాను కదా, విడిగా కొన్నవాడికి కనపడదు. వేప్ కొన్నవాడికి అసలే కనపడదు. దొరికిన పిల్లల్ని కాలేజీ నుంచి పంపించేస్తామని నోటీసు బోర్డుల్లో పెడుతున్నారు. దానివల్ల పిల్లలు ఇంకా లోపల దాక్కుంటారు తప్ప మానరు. చట్టంలో శిక్షలు అమ్మేవాడికి, దాచేవాడికి, తెచ్చేవాడికి రాశారు. అలవాటు పడ్డ పిల్లాణ్ణి పట్టుకోవడం తేలిక కాబట్టి వాణ్ణే పట్టుకుంటున్నారు. సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి నుంచి ఎవరైనా ఈ చట్టం కింద సోదా చేయొచ్చు. ఆ అధికారం ఉన్నవాళ్ళు నెలకోసారి నా కౌంటర్ సొరుగు తీసి చూసే బదులు ఒక ఫోన్ తీసుకుని, పిల్లాడిలా ఒక మెసేజ్ పెట్టి, ఒక పార్సిల్ తెప్పించుకుని, అది ఏ గోడౌన్ నుంచి బయల్దేరిందో వెనక్కి వెళ్ళి చూడొచ్చు. నా సొరుగు కూడా చూడండి, వద్దనడం లేదు.

ఛార్జింగ్ బోర్డు తీసేశాను. ఫోన్లు పెట్టుకునే పిల్లలు గొణుగుతున్నారు, సోడాల అమ్మకం కూడా తగ్గింది. ఆ కుర్రాడితో ఒకరోజు మా అమ్మాయి చేత ఫోన్లో మాట్లాడించాను. ఆ నంబరుకు ఫోన్ చేశాడట, మందుల షాపులో నికోటిన్ గమ్ కొని నములుతున్నాడు. వేప్ ఎవరికో అమ్మేశానన్నాడు, పారేయలేదు, అమ్మేశాడు. మానేశాడని మాత్రం నేను రాయలేను. మొన్న ఆదివారం వచ్చి రెండు సిగరెట్లు కొన్నాడు. నేనే ఇచ్చాను.

నా పేరు, కాలేజీ పేరు వేయవద్దని మనవి. వాళ్ళ నాన్న మీ పేపరే చదువుతాడు.

ఇట్లు,
ఒక కిళ్ళీ కొట్టు యజమాని,
గుంటూరు